ఫోను ఎత్తకపోతే మా ఇల్లెక్కడ?

అమ్మ ఏటీఎం కార్డు రెండోసారి వెనక్కి వెళ్ళిపోయింది. ఈసారి కవరు మీద ఏం రాశారో కళ్ళారా చూద్దామని బ్యాంకుకి వెళ్ళాను. అడ్రసులో తప్పేం లేదు. అమ్మ పేరు, డోరు నంబరు, విజయనగరం, పిన్ కోడు. ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు పొల్లు పోకుండా దించారు. దాని మీద అడ్డంగా ఊదారంగు రబ్బరు స్టాంపు: ‘ఇన్‌సఫిషియెంట్ అడ్రస్’.

అదే వారంలో ఓ రాత్రి తొమ్మిదిన్నరకి మావాడు బిరియానీ తెప్పించుకున్నాడు. యాప్‌లో వాడు రాసిన అడ్రసు ఇది: ‘అయ్యకోనేరు దాటాక రెండో సందు, ఆకుపచ్చ గేటు, కుక్క ఏమీ చెయ్యదు’. బిరియానీ వేడివేడిగా వచ్చింది.

సర్కారు రికార్డుల్లో ఉన్న అడ్రసుకి కార్డు రాలేదు గానీ కుక్క గుణగణాలు రాసిన అడ్రసుకి బిరియానీ వచ్చిందని ఆఫీసులో చెప్పి అందరినీ నవ్వించాను. రెండు రోజులు పోయాక నిదానంగా ఆలోచిస్తే, బిరియానీ వచ్చింది ఆకుపచ్చ గేటు వల్ల కూడా కాదని తట్టింది. ఆ కుర్రాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. చివరికి మావాడు బనీనుతోనే సందు మొగకి వెళ్ళి సెల్లు లైటు ఊపాడు. కార్డు తెచ్చిన కొరియర్ కుర్రాడూ ఫోన్ చేసే ఉంటాడు. అమ్మ తెలియని నంబరు ఎత్తదు. ఎత్తొద్దని, ఎత్తితే ఖాతాలో డబ్బులు పోతాయని ఆరు నెలలుగా భయపెడుతున్నది నేనే.

అప్పటినుంచి ఒకటే పురుగు తొలుస్తోంది. ఇంటివాళ్ళు ఫోను ఎత్తితే తప్ప పనిచెయ్యని దాన్ని అడ్రసని ఎలా అంటాం? అసలు అడ్రసుతో పని పడేదే మనం ఫోను ఎత్తలేనప్పుడు గదా. ఒంట్లో బాగోలేక పడున్నప్పుడు, ఛార్జింగు అయిపోయినప్పుడు, మా అమ్మలా భయపడి ఎత్తనప్పుడు.

అన్నదమ్ముల నంబర్లు

ఆదివారం పొద్దున్న మావాడి లెక్కల నోటుబుక్కులోంచి ఓ కాగితం చింపుకుని మా సందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచాను. ప్రతి ఇంటి డోరు నంబరు రాసుకుందామని. ఎదురింటి పిన్నిగారు అరుగు మీంచి చూసి, “ఏటి బాబూ, మునిసిపాలిటీలో ఉద్యోగం గానీ వొచ్చిందేటి?” అన్నారు.

నంబర్లు కొంచెం మార్చి రాస్తున్నాను, ఎందుకైనా మంచిది. ఎడమచేతి వైపు మొదటి గేటు 14-2-31. వార్డు, బ్లాకు, ఇల్లు. బాగానే ఉంది. తరవాత 31/1. ఆ పైన 31/2, 31/2ఎ. ఇక 32 రావాలి గదా, వచ్చింది 44. దాని పక్కన 29. సందుకి కుడివైపున్న పిన్నిగారిల్లు ఏకంగా 15-1-7, ఎందుకంటే రెండు వార్డుల సరిహద్దు మా సందు మధ్యలోంచే పోతుంది. పాలలోకి తోడు కోసం ఆవిడ గిన్నె పట్టుకుని మా ఇంటికొస్తే వార్డు దాటి వచ్చినట్టు లెక్క.

44 సంగతి అమ్మ చెప్పింది. నంబర్లు వేసినప్పుడు అక్కడ ఇల్లు లేదు, నుయ్యీ పెద్ద మునగచెట్టూ ఉండేవట. ఇల్లు లేచేసరికి బ్లాకులో 43 దాకా అయిపోయాయి, దీనికి 44 తగిలించారు. 31 కథ ఇంకా బాగుంటుంది. ఒకప్పుడది ఒకటే పెంకుటిల్లు. పెద్దాయన పోయాక ముగ్గురు కొడుకులు పంచుకుంటే బై ఒకటి, బై రెండు పుట్టాయి. బై రెండు ఆయన కొడుకులు మళ్ళీ గోడ పెట్టుకుంటే ‘ఎ’ వచ్చింది. బై నంబరు చదవడం వస్తే ఆ ఇంటి పంపకాల కాగితం చదివినట్టే. ఎవరు ఎవరితో పొత్తు కలవక విడిపోయారో గేటు మీద రాసే ఉంటుంది.

ఇంతకీ కాగితం మీద పడ్డవి డోరు నంబర్లొక్కటే కాదు. మా ద్వారబంధం చుట్టూ చూస్తే, ఎప్పటివో జనగణన వాళ్ళ ఎర్రరంగు అంకెలు సగం చెరిగి ఉన్నాయి. పోలియో చుక్కల వాళ్ళ సుద్దముక్క గుర్తులున్నాయి. కరెంటు మీటరు మీద సర్వీసు నంబరు, పన్ను రసీదు మీద అసెస్‌మెంటు నంబరు. ఎవరి పని కోసం వాళ్ళు వేసుకున్న నంబర్లివి, ఎవరికి వాళ్ళవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. పన్ను వసూలుకి వచ్చేవాడికి 44 తరవాత 29 వస్తే ఏం నొప్పి? ఆయన చేతిలో రిజిస్టరుంది, కాళ్ళకి దారి తెలుసు. కొత్తగా మా సందులోకి అడుగుపెట్టే మనిషిని తలుచుకుని వేసిన నంబరు మాత్రం ఒక్కటీ లేదు.

ఇది మన దగ్గర మొదలైన జబ్బేం కాదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఇళ్ళకి నంబర్లు వేయించింది 1770లో, మరియా థెరీసా రాణి. సైన్యంలోకి లాక్కుపోదగ్గ మగవాళ్ళు ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్క తేలడానికి. నంబరు పడితే వెనకాలే పన్నొస్తుందని మా తాత కూడా అనేవాడు.

కానీ మాకు పాలు పోసే ఆవిడ ముందు ఈ మాటంటే ఒప్పుకోదు. వాళ్ళవి చెరువు గట్టు మీద ఇళ్ళు, నంబర్లు లేవు. “మాకూ ఓ నంబరు ఏయించండి బావూ, పన్ను కట్టుకుంటాం” అని మొన్న కూడా అడిగింది. పన్ను రసీదు చేతిలో ఉంటే రేపెవరైనా ఖాళీ చెయ్యమన్నప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుందని ఆమె ఆశ. మా తాత తప్పించుకుందామనుకున్నదాని కోసం ఆమె తిరుగుతోంది. ఇద్దరూ తెలివిగలవాళ్ళే.

అడిగితే చెప్పరా?

ఈ గొడవంతా విని మా ఆవిడ తేల్చేసింది: “మనదేమైనా మహానగరమా? నోరుంటే ఊరుంటుంది. అడిగితే ఎవరో ఒకరు చెప్తారు.”

నిజమే, చెప్తారు. చెప్పడమేంటి, బండి వెనక ఎక్కి గుమ్మం దాకా దింపిన పుణ్యాత్ములున్నారు. ఊరికి ఆమాత్రం తీపి ఉండాలి. అయితే చెప్పే ముందు ఏం అడుగుతారో కూడా చూడాలి. “ఎవరింటికి? ఆళ్ళకి మీరేటవుతారు?” 31/2ఎలో పైవాటా అద్దెకుంటున్న నర్సమ్మాయి కోసం ఒకసారి ఆమెతో పనిచేసే అబ్బాయెవరో ఫైలు పట్టుకుని వచ్చాడు. సందు మొగలో ఒకరిని, టీకొట్టులో ఒకరిని, పిన్నిగారిని అడిగి ఇల్లు కనుక్కున్నాడు. అతను మెట్లెక్కేలోపే ఆ అమ్మాయి కోసం ‘ఎవరో’ వచ్చాడన్న సంగతి సందంతా పాకింది. వకీలు దగ్గరికో, ఎవరికీ చెప్పుకోలేని జబ్బుకి డాక్టరు దగ్గరికో వెళ్ళేవాళ్ళకి కూడా ఇదే తంటా. గోడ మీద అంకె ఎవరికేమవుతావని అడగదు.

ఇంకో సంగతుంది. ‘అడిగితే చెప్తారు’ అనే ఏర్పాటు ఇన్నాళ్ళూ నడిచింది ఊరిని గుర్తుపెట్టుకోవడం ఒక మనిషి ఉద్యోగం కాబట్టి. పిన్ కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. పోస్టల్ బోర్డులో పనిచేసిన శ్రీరామ్ భికాజీ వెలంకర్ దాన్ని రూపొందించారు. దేశంలో ఒకే పేరుతో ఉన్న ఊళ్ళెన్నో, రాసే లిపులెన్నో, వాటి మధ్య ఉత్తరం దారి తప్పకుండా ఉండటానికి ఆరంకెలు. ఆ ఆరంకెలు ఉత్తరాన్ని పోస్టాఫీసు గుమ్మం దాకా తెస్తాయి. అక్కణ్ణించి మా ఇంటికి తెచ్చింది మా పాత పోస్ట్‌మేన్ బుర్ర. డోరు నంబరు లేకపోయినా, తాత పేరు తప్పు రాసినా, సైకిలు దిగకుండా గేటు మీంచి పడేసేవాడు. ఆయన రిటైరయ్యాడు. ఇప్పుడొచ్చే కొరియర్ కుర్రాళ్ళు మూడు నెలలకొకళ్ళు మారిపోతారు. గుర్తుపెట్టుకోవడానికి వాళ్ళకి తీరికా లేదు, అందుకు జీతమూ లేదు.

లాంతర్లు పోయినా పేరు పోలేదు

నంబర్ల గురించి ఇంత ఆయాసపడ్డాను గానీ, మా ఊళ్ళో పేర్లంటే నాకు వల్లమాలిన ఇష్టం. గంట స్తంభం, ఎత్తు బ్రిడ్జి, మూడు లాంతర్లు. ఏ సభలోనూ ఎవరూ తీర్మానం చేసినట్టుండవు, నోట్లోంచి ఊడిపడ్డట్టుంటాయి. కంటోన్మెంట్‌లో పటాలం లేక ఎన్నాళ్ళయిందో, ఆటోవాళ్ళకి ఇప్పటికీ అది కంటోన్మెంటే. మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో పడగొట్టినప్పుడు పెద్ద రభసే అయింది. స్తంభం పోయాక కూడా పైడితల్లి గుడికి వెళ్ళేవాళ్ళు ‘మూడు లాంతర్లు’ అనే ఆటో ఎక్కారు. శ్రీకాకుళంలో మా చెల్లెలు ‘డే అండ్ నైట్ జంక్షన్’ దగ్గర దిగమంటుంది, కాదంటే ‘ఏడు రోడ్ల’ దగ్గర. అంతకన్నా ఏం చెప్పాలి?

మా ఊళ్ళోనే బొంకులదిబ్బ సంగతి చూడండి. బొంకంటే అబద్ధం. కన్యాశుల్కం తెర లేచేది అక్కడే. గిరీశం నిలబడి సొంత డబ్బా కొట్టుకోవడానికి అంతకన్నా సరైన అడ్రసు గురజాడకి ఇంకెక్కడ దొరుకుతుంది? దాన్ని ఎవరో ఒక పెద్దాయన పేరిట ‘మార్గ్’ చేసి ఉంటే ఆ రంగం ఉప్పు లేని పప్పయ్యేది.

అలాగని జనం నోటి పేర్లన్నీ అమృతమనను. మధ్య అమెరికాలో నికరాగువా అని ఒక దేశం, దాని రాజధాని మనాగువా. అక్కడ అడ్రసులు మనలాగే ఉంటాయి: ఫలానా దగ్గర్నుంచి చెరువు వైపు రెండు బ్లాకులు, ఇలాగ. 1972 డిసెంబరులో భూకంపం వచ్చి ఊరి నడిబొడ్డంతా నేలమట్టమైంది. ఇళ్ళు పోయినా గుర్తులు పోలేదు. ‘ఒకప్పుడు చిన్న చెట్టుండే చోటు నుంచి’ అని అడ్రసులు రాసుకుంటూ వచ్చారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. అమ్మ బ్యాంకు ఫారంలో ‘ల్యాండ్‌మార్క్’ అన్న గడిలో రాసింది సినిమాహాలు పేరు. ఆ హాలు కూల్చేసి పదేళ్ళు దాటింది. కొరియర్ కుర్రాడికి ఆ హాలు పేరు చెప్తే ఏ సినిమా ఆడుతోందని అడుగుతాడు.

ఇక్కడ నా మాట నాకే అడ్డం తిరిగింది

కొన్నాళ్ళు నా వాదన సులువుగా ఉండేది. వీధికి జనం ఏ పేరంటే అదే బోర్డు మీద రాసేస్తే సరి, పెద్దల పేర్లు పార్కులకి పెట్టుకోండి అని. కాలేజీలో నాతో చదివిన ఒకడు గుర్తొచ్చేదాకా.

వాడుండే వీధికి కులం పేరు ఉండేది. మన ఊళ్ళల్లో కులం పేరు మోసే వీధులు కొత్తేం కాదు, మా అమ్మమ్మ వాళ్ళదీ అలాంటిదే. తేడా ఏమిటంటే ఆవిడ తన వీధి పేరు గొంతెత్తి చెప్పేది, వాడు చెప్పేవాడు కాదు. విశాఖలో హాస్టల్ ఫారం నింపుతూ ‘రామాలయం వెనక’ అని రాశాడు. రామాలయం అక్కడికి నాలుగు వీధుల దూరం. ఇంటి నుంచి ఉత్తరం రాకపోయినా ఫర్వాలేదు గానీ ఆ పేరు కవరు మీద రాకూడదన్నది వాడి లెక్క.

జనం నోట్లో ఉన్న పేరంటే ఎవరి నోట్లో? ఆ వీధిలో ఉండేవాళ్ళు పెట్టుకున్నది కాదే అది. పై వీధులవాళ్ళు అన్నది. మహారాష్ట్ర 2020లో వాడలకున్న కులాల పేర్లు మారుస్తామంది. 2025లో తమిళనాడు వీధుల పేర్లలోంచి కులాలు తీసెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. బోర్డు మారినంత మాత్రాన నోళ్ళు మారతాయా అంటే, లాంతర్ల గురించి ఇందాక నేను చెప్పిందే దానికి జవాబు, మారవు. అయినా బోర్డు మారాల్సిందే. వాడు ఫారం నింపే రోజున రాసుకోవడానికి ఇంకో పేరుండేది, అది చాలు. అంచేత నా సూత్రం కొంచెం దిద్దుకున్నాను. అడిగేవాడికి ఏది సులువన్నది రెండో సంగతి, ఉండేవాళ్ళని ముందు కనుక్కోవాలి.

మ్యాపుండగా ఇదంతా ఎందుకు?

మావాడి ప్రశ్న ఇది. లొకేషన్ పంపిస్తే అయిపోదా? 2025లో తపాలా శాఖ డిజిపిన్ అని తెచ్చింది కూడా. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల గడులుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాలూ అంకెల కోడు ఇచ్చారు. గట్టు మీద పాలావిడ ఇంటికీ కోడుంటుంది, కోట గుమ్మానికీ ఉంటుంది. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ఈ సమానత్వం నాకు నచ్చింది.

సరే, మా ఇంటి కోడు తీసి అమ్మకి కాగితం మీద రాసిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, “ఇది గ్యాసు బుకింగుదా?” అంది. పది అక్షరాలు ఆటోవాడికి అరిచి చెప్పలేం, పెళ్ళిలో కలిసిన చుట్టానికి చెప్పలేం. శుభలేఖల మీద ఇప్పుడు క్యూఆర్ కోడు వేస్తున్నారు, నిజమే. దాని కిందే ‘పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర’ అని కూడా వేస్తున్నారు గదా. పైగా నాలుగు మీటర్ల గడిలో అపార్ట్‌మెంటు అయిదంతస్తులూ ఒకదాని మీదొకటి పడతాయి. ఉపగ్రహానికి మెట్లు కనబడవు.

మా సందు సమస్య వీధికి పేరు లేకపోవడం కూడా కాదనుకుంటున్నాను. జపాన్‌లో చాలా వీధులకి పేర్లుండవు, బ్లాకులకి నంబర్లుంటాయి. మన వార్డు-బ్లాకు పద్ధతికి అది దూరపు చుట్టం లాంటిది. అక్కడ ఆ బ్లాకు నంబరు గోడల మీద, స్తంభాల మీద రాసి ఉంటుంది. మన బ్లాకు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఆఫీసులో మ్యాపులో ఉంటుంది. తాళం మన ఇంటికి, చెవి బీరువాలో.

రెండు పలకలు

మా వీధిలో రిటైరైన బిల్ కలెక్టరొకాయన ఉన్నారు, నాకు వరసకి మావయ్య. నా పథకం ఆయన ముందు పెట్టాను. ఫ్రాన్స్ పల్లెల్లో చేస్తున్నట్టు, సందు మొగ నుంచి ఎన్ని మీటర్లుంటే అదే ఇంటి నంబరు. ఎడమవైపు బేసి, కుడివైపు సరి. మధ్యలో మునగచెట్టు కొట్టి ఇల్లు కట్టినా దాని నంబరు దానికి ముందే రాసిపెట్టి ఉంటుంది. అన్నదమ్ములు గోడ పెట్టుకున్నా బైలు అక్కర్లేదు. ఏ మొగ నుంచి లెక్కపెట్టాలంటే గంట స్తంభానికి దగ్గరగా ఉన్న మొగ నుంచి. పారిస్‌లో 1805లో సేన్ నదిని పట్టుకుని అలాగే మొదలెట్టారు.

ఆయన అంతా విని వక్క నములుతూ, “ఒరే అల్లుడూ, దస్తావేజులో ఏటుంటాది? తూర్పు ఫలానా వారి ఇల్లు, దక్షిణం మునిసిపల్ రోడ్డు, డోరు నంబరు ఇంత. నువ్వు నంబరు మార్చేస్తే ఆధారు, రేషను, కరెంటు, బ్యాంకు, రిజిస్ట్రేషను ఇన్నిట్లోనూ అదీ ఇదీ ఒకటేనని రుజువు పట్టుకుని ముసిలోళ్ళు తిరగాల. తిరుగుతావా నువ్వు?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళనీ ఆరు ఆఫీసుల చుట్టూ తిప్పి సాధించే సుఖం నాకూ వద్దు. అందుకని పథకాన్ని సగానికి కోశాను. ప్రాగ్ నగరంలో ఇళ్ళకి రెండు పలకలుంటాయి. ఎర్రది పాత రికార్డు నంబరు, నీలంది వీధి వరసలో నంబరు. కాగితాలకి పాతదే ఉంచండి, కొత్త మనిషి కోసం గేటు మీద రెండోది పెట్టండి. మావయ్య దీనికి కూడా తల అడ్డంగానే ఊపారు గానీ కాస్త నెమ్మదిగా ఊపారు.

కార్పొరేషన్ చేసేదాకా ఆగలేక మా సందు వరకు నేనే ఒక రేకు పలక చేయించాను. సందు మొగలో కరెంటు స్తంభానికి కట్టాను. 31, 31/1, 31/2, 31/2ఎ, 44, 29 అని వరసగా, ఏది ఎటువైపో బాణం గుర్తుతో. పిన్నిగారు తన 15-1-7 కూడా వేయించుకున్నారు, వార్డు వేరైతేనేం అని. పైన సందు పేరు రాయడానికి ఒక గీత ఖాళీ వదిలాను. ఏ పేరు రాయాలన్నది తేల్లేదు. 31 వాళ్ళు వాళ్ళ తాత పేరన్నారు, మిగతావాళ్ళు చస్తే వద్దన్నారు.

రెండు వారాల తరవాత చూస్తే ఆ ఖాళీలో తెల్లపెయింటుతో ‘ఇస్త్రీ చేయబడును’ అని ఉంది. స్తంభం కింద బండి పెట్టుకునే ఇస్త్రీ అతను రాసుకున్నాడు. అమ్మ కార్డు ఎలాగూ రాలేదు, బ్యాంకుకి ఆటోలో తీసుకెళ్ళి చేతికి ఇప్పించాను. నిన్న మధ్యాహ్నం ఏదో తెలియని నంబరు నుంచి నాకు ఫోనొచ్చింది. ఎత్తితే ఎవరో కుర్రాడు, “సార్, పార్శిలుంది. ఇస్త్రీ సందేనా?”